పీలికల మూట

పాత ఇనుప సామాను కొనే ఆటో గజేందర్ ఇంటి ముందు ఆగి ఉంది. ఇద్దరు మనుషులు లింగవ్వ కుట్టుమిషన్‌ను చెరో పక్క పట్టుకుని గడప దాటించబోతున్నారు. లింగవ్వ పోయి ఏడు నెలలైంది. ఆమె పెద్ద మనుమడు గజేందర్ ఆర్మూర్‌లో పసుపు వ్యాపారి. వీధి వైపున్న ఆమె గది గోడ కొట్టించి, షట్టర్ పెట్టి, శాంపిళ్ల గది చేసుకుందామని సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే పని మొదలుపెట్టించాడు. మార్కెట్ మందంగా ఉన్న రోజు, మనుషులు దొరికిన రోజు. అతని లెక్కకు అంతకంటే మంచి ముహూర్తం లేదు. సరిగ్గా అప్పుడే పక్క సందులోంచి మంగవ్వ చంకలో ఓ గుడ్డమూటతో వచ్చి, మిషన్ మీద అరచెయ్యి ఆనించి, "దించుండ్రి" అన్నది.

వాళ్లు దించారు. దించమని గజేందర్ అనలేదు. సామాను అతనిది, ఆటోను పిలిచింది అతను. అయినా వాళ్లు మంగవ్వ మొహం చూసి దించేసి, బయటికి పోయి బీడీలు ముట్టించుకున్నారు.

"ఏంది మంగక్కా? మిషన్ గావాల్నా? తీస్కపో. నేనేమన్న వద్దంటనా?" అన్నాడు గజేందర్.

అంటూనే లోపల తూకం వేసుకున్నాడు. ఈమెతో పంచాయితీ పెట్టుకుంటే గంట పోతుంది. మిషన్ ఇచ్చి పంపితే రెండు నిమిషాలు. ఆటోవాడికి మిగతా సామాను చాలు.

"నాకు మోటర్ మిషన్ ఉన్నది సేటూ. గిది ఈడనే ఉండాలె. తక్కువల తక్కువ పన్నెండు అయ్యేదాకనన్న ఉండాలె."

సేటు. మంగవ్వ చిన్నప్పటి నుంచీ అతన్ని తమ్మీ అనే పిలిచేది. ముప్పై ఏళ్ల కింద బీడీలు చుట్టడం మానుకుని, కుట్టుపని నేర్చుకోవడానికి లింగవ్వ దగ్గరికి ఇదే గదిలోకి వచ్చినప్పుడు గజేందర్‌కు పన్నెండేళ్లు. బాపమ్మ లింగవ్వను కాలబెట్టి వచ్చిన సాయంత్రం నుంచి ఈ 'సేటు' మొదలైంది. ఎందుకని అతను ఎన్నడూ అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

"పన్నెండుకు ఏమున్నది?"

మంగవ్వ గచ్చు మీద కూర్చుని మూట విప్పింది.

మూట నిండా గుడ్డపీలికలు. వేలెడు వెడల్పు, రొమ్ము చుట్టూ తిరిగి వచ్చేంత పొడుగు. ఒక్కో మనిషివి ఒక్కో కట్టగా చేర్చి, ప్రతి కట్టకూ ఏదో ఓ రంగు గుడ్డముక్క ముడివేసి ఉంది.

గజేందర్ చూడగానే గుర్తుపట్టాడు. కళ్లు పక్కకు తిప్పుకున్నాడు.

లింగవ్వకు అక్షరం రాదు, టేపు మీద అంకెలు రావు. ఎవరు కుట్టించుకోవడానికి వచ్చినా తాను చింపిన పీలిక ఒకటి తీసి, దాని కొసను మెడ వెనక పెట్టి భుజం దాకా సాగదీసి, అక్కడ కత్తెరతో ఒక గాటు పెట్టేది. రొమ్ముకు రెండు గాట్లు, నడుముకు మూడు. చెయ్యి పొడుగుకు దారంతో ముడి. ఆ మనిషికి మొదట కుట్టిన గుడ్డలోంచి ముక్క కత్తిరించి పీలికకు కట్టేది. అంతే, ఆ మనిషి పేరూ ఊరూ కొలతా అన్నీ అందులో ఉన్నట్టు. పదేళ్ల తర్వాత వచ్చి "గుర్తున్ననా పెద్దవ్వా" అంటే, పెట్టెలో చెయ్యి పెట్టి వెతికి తీసేది. "అప్పుడు గింత సన్నగున్నవ్. గిప్పుడు గీ పీలిక నీ మెడకే సరిపోతది" అని నవ్వేది.

"గివి పారేసినమనుకున్న," అన్నాడు గజేందర్ మెల్లగా.

"పారేస్తే ఏరుకుంటుంటి. నువ్వు పారెయ్యలే. శాంపిల్ సంచుల మూతులు కట్టిచ్చినవ్."

నిజమే. బాపమ్మ చనిపోయిన నెల, పసుపు సీజన్ జోరు మీద ఉంది. పొద్దున్న లారీ పోతే సాయంత్రం ఇంకో లారీ. సాంగ్లీకి, ఈరోడ్‌కి శాంపిళ్లు పంపాలి. పిడికెడు పసుపు కొమ్ములు పట్టే చిన్న సంచులు వందల్లో సిద్ధంగా ఉన్నాయి, కట్టడానికి సుతిలి అయిపోయింది. ఎవరో బాపమ్మ పెట్టె తెరిచారు. అతను ఓ పీలిక తీసి రెండు చేతుల మధ్య గుంజి చూశాడు. "గట్టిగున్నయ్, కట్టుండ్రి" అన్నాడు. సరుకు చూసే కన్ను అతనిది. కొమ్మును విరిస్తే వచ్చే చప్పుడు బట్టి ఎన్నాళ్లు ఎండిందో చెప్పగలడు. ఆ పీలికల మీద వరుసగా గాట్లు ఉన్నాయని మాత్రం ఆ కంటికి కనపడలేదు.

"ఆలూర్ పటేల్ రొమ్ము, గాయన పెండ్లాం నడుము, పోస్టుమాస్టర్ చెయ్యి పొడుగు... సగం ఊరి కొలతలు సాంగ్లీకి పంపితివి సేటూ. ఆడి షావుకార్లు విప్పుకోని ఏమనుకున్నరో!"

బయట ఆటో మనిషి కిసుక్కున నవ్వాడు. గజేందర్ మూతి కూడా కొంచెం కదిలింది. మంగవ్వ నవ్వకపోయేసరికి ఆగిపోయింది.

"ఎవలో చెప్తే ఉరికొచ్చిన. అప్పటికే పెట్టె సగం ఖాళీ. మిగిలినయి ఎత్తుకపోయిన. నువ్వు దుకాణంల ఉన్నవ్."

గజేందర్ బాపమ్మ స్టూలు లాక్కుని మిషన్ ముందు కూర్చున్నాడు. గది గోడలకు గుడ్డల రంగులు ఇంకా అంటుకుని ఉన్నట్టే ఉంది. కిటికీలోంచి గుట్ట మీది నల్లరాళ్లు ఎండకు మెరుస్తున్నాయి. ఇంటి లోపల వాకిట్లో భార్య పద్మలత తంగేడు పూలు పేరుస్తున్నది. ఆ పచ్చటి వాసన ఇక్కడి దాకా వస్తున్నది.

ఐదు బస్తాల పచ్చి పసుపు ఉడకబెట్టి ఎండేస్తే ఒక్క బస్తా మిగులుతుంది. తక్కిన నాలుగూ ఆవిరి. పదహారేళ్ల వయసులో ఓ దుకాణంలో పనికి కుదిరినప్పుడు గజేందర్ నేర్చుకున్న మొదటి లెక్క ఇది. మనుషులకూ దాన్నే వర్తింపజేశాడు. మాటలు, అలకలు, పండుగలు, కూర్చోబెట్టుకుని తల నిమరడాలు ఆవిరి కింద జమ. చేసిన పనే ఎండుసరుకు. ఆ లెక్కలో బాపమ్మకు ఎప్పుడూ మంచి తూకమే వేశాడు. అది అబద్ధం కాదు.

నవీపేట్ నుంచి పదమూడేళ్లకు ఈ ఇంటికి వచ్చింది. బట్టలు కుట్టే మేరోళ్ల ఇల్లు. మగవాళ్లు మిషన్ మీద కూర్చుంటే ఆడవాళ్లు పక్కన కూర్చుని కాజాలు కుట్టాలి, గుండీలు పెట్టాలి. ముప్పై నిండకముందే మొగుడు దగ్గి దగ్గి పోయాడు. పదకొండో నాడు కులపెద్దలు వచ్చి మిషన్‌ను ఎవరికి అప్పజెప్పాలో మాట్లాడుకుంటుంటే, ఆమె లేచి వెళ్లి ఆ మిషన్ మీద కూర్చుని, వచ్చిన చుట్టం పిల్లవాడి చిరిగిన చొక్కా కుట్టడం మొదలుపెట్టిందట. ఆ చప్పుడుకు మాటలు ఆగిపోయాయట. మొదట్లో మగవాళ్లెవరూ ఆమె చేతికి గుడ్డ ఇవ్వలేదు. రైకలు, లంగాలతోనే బతికింది. తర్వాత ఊళ్లన్నీ గల్ఫ్ దారి పట్టాయి. మోర్తాడ్ పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, "పెద్దవ్వా, పాస్‌పోర్టు పట్టేతట్టు లోపటి జేబు" అని అడిగేవాళ్లు. బొడ్డు కిందికి, ఎవడూ కత్తిరించలేనంత లోపలికి కుట్టిచ్చేది. "గీ జేబు ఖాళీగ తిరిగొచ్చినా ఫికర్ లేదు, నువ్వు తిరిగి రా" అనేది ప్రతివాడితో. కొడుకూ కోడలూ ఒకే ఏడాది పోతే, తొమ్మిదేళ్ల గజేందర్‌నూ మూడేళ్ల రఘునందన్‌నూ ఆ మిషన్ తొక్కే పెంచింది.

ఇదంతా ఎండుసరుకు. ఎవరడిగినా చెప్పగలడు. ఇవాళ అతనికి కావలసింది మాత్రం ఆ ఆవిరైపోయిన నాలుగు బస్తాలు. అవి ఎక్కడా దొరకవు.

"నీకు గుర్తున్నదా?" అన్నది మంగవ్వ. "ఊళ్లె ఆడిమనిషి చచ్చిపోయిందని తెలిస్తే పెద్దవ్వ ఫస్టు ఏం చేసేది?"

"మిషన్ మీద కూసునేది."

"ఎందుకు?"

గజేందర్ తల దించుకున్నాడు. ఎందుకో తెలుసు. చనిపోయిన మనిషి చేతులు బిగుసుకుపోతాయి. రైక తొడగాలంటే వీపున బ్లేడుతో చీరి రెండు ముక్కలు చేసి తొడుగుతారు. అన్ని ఇళ్లల్లోనూ అంతే. లింగవ్వకు అది నచ్చేది కాదు. బతికినన్నాళ్లు ఒంటికి అతికినట్టు కుట్టించుకున్న మనిషిని చినిగిన రైకతో పంపుతారా అనేది. కబురు తెలిసిన వెంటనే ఆ మనిషి పీలిక వెతికి తీసి, వీపు వైపు తెరిచి, నాలుగు దారపు కట్లు పెట్టి, అరగంటలో కొత్త రైక కుట్టి పట్టుకుపోయేది. తన చేతులతో తొడిగి, ముడులు వేసి, అప్పుడు కూర్చుని ఏడ్చేది.

"తనది తాను కుట్టుకోలే," అన్నది మంగవ్వ. "ఎన్నోసార్లన్న, కుట్టిపెట్టుకో పెద్దవ్వా అని. 'నాది నువ్వు కుట్టాలె మంగా. నీ చెయ్యి చూసుకోని పోత' అన్నది. నేను మోర్తాడ్ పోయి ఉంటి గారోజు. ఫోన్ చెయ్యనీకి నీకు చెయ్యి రాలే. బస్సు దిగొచ్చేసరికి పాడె మీద కట్టేసిండ్రు. రెండు గంటలు... రెండు గంటలు ఆగితే అయిపోతుండె."

"లారీలు నిలబడ్డయ్ అక్కా. హమాలీలు..."

"తెలుసు."

దుకాణంలో కొన్న రైక. ఆమె భుజాలకు రెండు వేళ్లు వదులు. బ్లేడు ఎక్కడుందని ఆడవాళ్లు అడిగితే, తన గడ్డం పెట్టెలోంచి తెచ్చి ఇచ్చింది గజేందరే. అప్పుడు అది చాలా చిన్న పనిలా అనిపించింది.

"గా సంగతి నేను ఎట్లనన్న మర్చిపోత," అని మంగవ్వ మూటలోంచి రెండు కట్టలు వేరుచేసి అతని ముందు మిషన్ పలక మీద పెట్టింది. "గిది సూడు."

మొదటి కట్టకు పసుపు గళ్ల గుడ్డముక్క కట్టి ఉంది. మూడేళ్ల వయసులో తనకు కుట్టిన చొక్కా. గజేందర్ విప్పాడు. ఏటా దసరాకు ఒకటి. ఒకదాని పక్కన ఒకటి పరిస్తే భుజం గాటు ఏడాదికో ధాన్యపు గింజంత ముందుకు జరుగుతూ పోయింది. పదిహేనో ఏడు, పదహారో ఏడు. తర్వాత లేవు. ఆ ఏడు అతను మొదటి జీతంతో రెడీమేడ్ చొక్కా కొనుక్కుని వచ్చి, "గిప్పటి సంది నాకు కొలత తియ్యకు, దోస్తులు నవ్వుతున్నరు" అన్నాడు. ఆమె పీలిక చుట్టి చేతిలో పెట్టుకుని, "మంచిగున్నది బిడ్డా అంగి" అన్నది.

అడగడం మానేసిందా అంటే లేదు. పోయిన మాఘంలో, పోవడానికి నెల ముందు, చూపు ఆనని కళ్లతో గుమ్మం దగ్గర నిలబడి, "జర నిలవడు బిడ్డా. ఒక్కసారి కొలత తీస్కుంట" అన్నది. "సీజన్ అయినంక, బాపమ్మా" అన్నాడు, చెప్పులేసుకుంటూ. కొలత తీయడానికి ఎంతసేపు? నిమిషం కూడా పట్టదు. చేతులు కొంచెం ఎత్తి నిలబడాలి. అంతే.

రెండో కట్టకు నీలం చారల ముక్క. చూడగానే అర్థమైంది. తమ్ముడు రఘునందన్‌ది.

"వానిది ఎందుకు? ఇరువై రెండేండ్లకు ఇల్లిడిసి పోయిండు. పద్నాలుగేండ్లాయె. బాపమ్మ ముఖం కూడ సూడలే."

"లెక్కపెట్టు," అన్నది మంగవ్వ.

గజేందర్ పరిచాడు. మూడేళ్ల పీలిక చేతి పొడుగంత. నాలుగు, ఐదు. పసివాడు పెరిగి మనిషయ్యాడు. ఇరవై దగ్గర భుజం గాటు ఆగిపోయింది. ఇరవై రెండోదానితో అయిపోవాలి.

అయిపోలేదు. ఇంకా ఆరు ఉన్నాయి.

చేతులు వాటంతట అవే పని చేశాయి. విరిచి చూసి సరుకు చెప్పే చేతులు కదా. ఆరింటిలో మొదటిదాని మీద నడుము గాట్లు నాలుగు వేళ్లు లోపలికి వచ్చాయి. మనిషి ఎముకల గూడై ఉండాలి. రెండోదీ అంతే. మూడోదానికి ఓ ఎర్రదారం కుట్టి ఉంది. పెళ్లి గుర్తు. పెళ్లిళ్లు కుదిరిన ఆడపిల్లల పీలికలకు ఆమె అట్లాగే కుట్టేది. నాలుగోదానికి నడుము కొంచెం పుంజుకుంది. ఐదోదానితో పాటు మడిచి ఓ బుల్లి పీలిక కట్టి ఉంది. మూరెడు కూడా లేదు, గాట్లన్నీ వేళ్ల సందున పట్టేంత దగ్గరగా ఉన్నాయి. ఆరోదాని పక్కన ఆ బుల్లి పీలిక కాస్త పొడుగైంది.

అతను ఆ బుల్లి పీలికను బొటనవేలితో నిమిరాడు.

"వానికి బిడ్డ ఉన్నదా?"

"బడికి పోతున్నది. మోర్తాడ్ల. నీ మరదలు వినోదనే ఎత్తుకొచ్చి కొలత తీయిచ్చింది. ఆమె పెద్దవ్వ సావు నాడు రాలేదనుకున్నవా? నేను ఫోన్ చేస్తే వచ్చింది. కొంగు కప్పుకోని ఎనక నిలబడ్డది. 'ఎవలమ్మా, జర జరుగు' అన్నవ్ నువ్వు."

గజేందర్‌కు ఆ కొంగు గుర్తొచ్చింది. ఆకుపచ్చది. పాడెకు దారి కావాలని చేత్తో పక్కకు జరిపాడు కూడా.

"రెండేండ్లకోసారి ఖతార్ నుంచి సెలవు మీద వస్తడు. దసరాకే. హైదరాబాద్ల దిగి, బస్సెక్కి, మోర్తాడ్ల పెండ్లాం మొఖం సూడకముందే ఈ గదికొస్తడు. పన్నెండుకు. నువ్వు దుకాణంల ఉండే యాళ్లకు. గీ వీధి తలుపుల నుంచి లోపటికొచ్చి, అంగి ఇప్పి, చేతులెత్తి నిలబడ్తడు. పెద్దవ్వ కొలత తీస్తది. ఇద్దరు నవ్వుకుంటరు. బువ్వ తింటడు. పోతడు."

"బువ్వ ఎవలు పెట్టిండ్రు?"

లోపలి గుమ్మంలో గాజుల చప్పుడైంది. పద్మలత చేతుల నిండా తంగేడు రేకులు. ఎప్పటి నుంచి అక్కడ నిలబడి ఉందో తెలియదు.

"నేనే పెట్టిన," అన్నది.

"నాకు చెప్పలే."

"చెప్తే నువ్వు వాన్ని రానియ్యవని బాపమ్మ భయపడ్డది. నేను బాపమ్మ కోసం భయపడ్డ." ఆమె గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ నొప్పించింది. "ఒకసారి నువ్వు తొందరగ వచ్చినవ్, యాదికున్నదా? తలనొప్పి అని. వాడు వంటింట్ల నిలబడ్డడు, పళ్లెం చేతుల పట్టుకోని. నువ్వు పండుకునేదాక నమలలే కూడ."

పద్నాలుగేళ్ల కింద జరిగింది చాలా చిన్న విషయమని గజేందర్ ఇన్నాళ్లూ అనుకున్నాడు. పాతబడి వన్నె తగ్గిన ఓ సరుకుకు పాలిష్ డ్రమ్ములో రంగు కలిపించాడు. ఒక్కసారే. కొనడానికి వచ్చిన మనిషి ముందు రఘు, "అన్నా, గా సరుకు రంగేసింది, గీయనకు ఇయ్యకు" అన్నాడు. హమాలీలందరూ చూస్తుండగా గజేందర్ చెంప పగలగొట్టాడు. రఘు చెంప తడుముకోలేదు. నడిచి వెళ్లిపోయాడు. వాడు చెప్పింది నిజం. అందుకే అంత గట్టిగా కొట్టాడు. "పోయి తీస్కరా బిడ్డా" అని బాపమ్మ ఒక్కసారే అడిగింది. "వాడే వస్తడు తియ్యి" అన్నాడు.

వాడు వచ్చాడు. ఆరుసార్లు వచ్చాడు. తాను లేని వేళ చూసుకుని.

"ఇవ్వాళ్ల వస్తున్నడు," అన్నది మంగవ్వ. "ఏడోసారి."

గోడ గడియారం ఉండే చోట మేకు మాత్రమే మిగిలింది. గడియారం ఆటోలో ఉంది. గజేందర్ తన చేతి వాచీ చూసుకున్నాడు. పదకొండు ముప్పావు.

"వానికి తెల్వదా?"

"ఎవలు చెప్పాలె? ఒక్కడు, గా ఎడారిల, పదిమంది పండుకునే రూముల. సావు కబురు ఫోన్ల చెప్తే రాత్రికి ఏం చేస్కుంటడో ఎవలకెరుక? ఇక్కడ ఏ ఇంట్లనన్న చెప్తరా? సెలవు మీద వచ్చినంక, గడప దాటి నీళ్లు తాగినంక, పెద్దోడు పక్కన కూసోని చెప్తడు. వినోద గూడ గదే అన్నది. ఈ ఇంట్ల పెద్దోనివి నువ్వు."

ఆమె తన ఫోన్ తీసి చూపించింది.

"ప్రతి శుక్రారం చేస్తడు. సెలవు గాదు? 'బాపమ్మకియ్యి' అంటడు. గొంతు పోయింది, డాక్టర్ మాట్లాడొద్దన్నడు అని చెప్పిన. రెండో నెల చెవులు పోయినయన్న. 'గట్లయితే మిషన్ సప్పుడు ఇనిపియ్యి, అది ఇంటె నాకు చాలు' అన్నడు. నా మోటర్ మిషన్ సప్పుడు వానికి తెల్వదా? అందుకోసం ప్రతి శుక్రారం గీడికొచ్చి, పెద్దవ్వ మిషన్ తొక్కిన. ఫోన్ గీ పలక మీద పెట్టి, గుడ్డ లేకుండ ఉట్టిదే తొక్కిన. వాడు అటు దిక్కు మాట్లాడడు. ఊపిరి ఇనొస్తది. ముప్పై శుక్రారాలు." ఆమె కళ్లు తుడుచుకోలేదు, అవి కారుతూనే ఉన్నాయి. "ఇగ నాతోని గాదు. ఒక్క మాట గూడ. చచ్చిన మనిషి కాలు నా కాలైంది ఏడు నెలలు. ఇగ నువ్వు చెప్పాలె."

గజేందర్ లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. తప్పించుకోవడానికి ఎన్ని దారులున్నాయో మనసు లెక్కపెట్టేసింది. దుకాణానికి పోవచ్చు. రోజూ పోయే వేళే. పద్మలత చెప్తుంది. లేదా వినోదను పిలిపించవచ్చు, మోర్తాడ్ ఎంత దూరం? బస్సులో అరగంట. అక్కడే ఆగిపోయాడు. అరగంట. బాపమ్మ పోయిన రోజు కూడా మోర్తాడ్ అరగంటే. తమ్ముడి నంబరు తన దగ్గర లేదని పదిమందికి చెప్పాడు. అడిగి ఉంటే నంబరు అరగంట దూరంలోనే ఉంది. అది లేకపోవడం కాదు, తెచ్చుకోకపోవడం.

గుమ్మం దగ్గరికి వెళ్లి ఆటోవాళ్లను కేకేశాడు.

"అన్నీ లోపట పెట్టుండ్రి. గడియారం, పెట్టె, గా చాప. ఎక్కడియి అక్కడ."

"ఇప్పుడే గద సేటు ఎక్కిచ్చినం..."

"లోపట పెట్టుమన్న గద!"

వాళ్లు గొణుక్కుంటూ మోశారు. మిషన్‌ను కిటికీ పక్కన పాత గుంటల్లోనే నిలబెట్టాడు, తానే వంగి. నలభై ఏళ్ల బరువుకు గచ్చులో పడిన నాలుగు గుంటలు. కాళ్లు వాటిలో సరిగ్గా కూర్చున్నాయి. పద్మలత పెట్టె తుడిచింది. మంగవ్వ గడియారం మేకుకు తగిలించి, ఎటూ కదలని ముళ్లను చూసి, ఊరుకుంది. గది మళ్లీ గదిలా కనపడింది. వాడు తలుపు తీసేసరికి కనీసం ఖాళీ గోడలు కనపడవు. లోపలికి పిలవాలి. నీళ్లు ఇవ్వాలి. పక్కన కూర్చోవాలి. మాట ఎక్కడ మొదలుపెట్టాలి? 'బాపమ్మ' అనా, 'నన్ను క్షమించు' అనా? ఏది ముందు పెడితే రెండోది నిలబడుతుంది?

స్టూలు మీద కూర్చున్నాడు. తెలియకుండానే కుడికాలు మిషన్ తొక్కే పలక మీద ఆనింది.

ఫోన్ మోగింది.

మంగవ్వ తెర చూసింది. ఎత్తలేదు. తెచ్చి గజేందర్ ముందు, పీలికల పక్కన, పలక మీద పెట్టింది. స్పీకర్ నొక్కి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మంగక్కా! దిగిన! బస్టాండ్ల ఉన్న." నవ్వుతున్న గొంతు. వెనక బస్సుల మోత, ఎవరో "మోర్తాడ్, మోర్తాడ్" అని అరుస్తున్నారు. "ఆటో దొరకంగనే వస్త, పది నిమిషాలు. బాపమ్మ లేచిందా? చెవుల నోరు పెట్టి చెప్పు, ఈసారి నా నడుము సూసి తిడ్తదని చెప్పు."

మంగవ్వ ఇంకో అడుగు వెనక్కి వేసింది.

"అక్కా? ఇనొస్తున్నదా? మిషన్ సప్పుడు లేదేంది?"

పద్మలత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మంగవ్వ గజేందర్ కాలు వంక చూస్తున్నది. ఒక్క తొక్కు చాలు. కాలి కింది పలక అటూ ఇటూ ఊగితే చక్రం తిరుగుతుంది, ఆ చప్పుడు వినపడుతుంది. వాడు మరో పది నిమిషాలు ఆటోలో నవ్వుకుంటూ వస్తాడు. పది నిమిషాలు వాడికి బాపమ్మ బతికే ఉంటుంది. ఇవ్వగలిగింది అంతే ఉంది తన దగ్గర. అది ఇవ్వడమా, దొంగిలించడమా? అతని పాదం బరువుకు పలక కొంచెం వంగింది. చక్రం వేలెడంత తిరిగి ఆగింది.

గజేందర్ కాలు తీసేశాడు.

"రఘూ," అన్నాడు.

అటు వైపు నవ్వు ఆగిపోయింది. బస్సుల మోత మాత్రం వస్తున్నది. వాడు ఫోన్‌ను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్న చప్పుడు వినపడింది.

ఇంకా ఏమీ చెప్పలేదనుకున్నాడు గజేందర్. తన గొంతే అంతా చెప్పేసిందని వాడి తర్వాతి మాటతో తెలిసింది.

"అన్నా..." పద్నాలుగేళ్ల తర్వాత ఆ పిలుపు. పసివాడి గొంతంత సన్నగా వచ్చింది. "గీ యాళ్లకు నువ్వు దుకాణంల ఉండాలె గద అన్నా. బాపమ్మ గదిల నువ్వెందుకున్నవ్?"